చివరి బస్సే కొలబద్ద

ఒక నగరంలో ప్రజారవాణా బాగున్నదా లేదా అని అడిగితే పాలకులు సాధారణంగా మూడు లెక్కలు చూపుతారు. బస్సులెన్ని, అవి రోజుకు తిరిగిన కిలోమీటర్లెన్ని, వచ్చిన రాబడి ఎంత. ఈ లెక్కలు అవసరమైనవే. కాని ఈ మూడింటిలోనూ శ్రామికుడు ఎక్కడా కనబడడు. తెల్లవారుజామున పనికి బయలుదేరినవాడు సాయంత్రం ఇల్లు చేరగలిగాడా లేదా అన్న లెక్క ఏ కార్యాలయపు దస్త్రంలోనూ ఉండదు. ఆ లెక్కను అడగవలసిన బాధ్యత కార్మికోద్యమానిది. చివరి బస్సు ఎన్ని గంటలకు బయలుదేరుతుంది, ఎక్కడి దాకా పోతుంది, ప్రతిరోజూ తప్పక నడుస్తుందా? రవాణా వ్యవస్థను కొలవడానికి శ్రామికుని చేతిలో ఉండదగిన కొలబద్ద ఇదొక్కటే.

ఈ ప్రశ్నను ఈసారి మేము అండమాన్ దీవులనుండి ఎత్తుకొంటున్నాము. దక్షిణ అండమాన్ జిల్లా ఫెరార్‌గంజ్ తాలూకాలో తుష్నాబాద్ అనే గ్రామమున్నది. మన పాఠకులలో అనేకులకు ఆ పేరు కొత్త కావచ్చు. కాని ఆ దీవులు తెలుగు శ్రామికులకు కొత్త కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. అందులో నూటికి పదమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుండి ఓడలెక్కి వెళ్లి అక్కడ చేపలు పట్టినవారు, ఇళ్లు కట్టినవారు, రేవులో బరువులు మోసినవారు, వారి పిల్లలు, మనుమలు నేడు ఆ దీవులలో బెంగాలీ, తమిళ, హిందీ, మలయాళ శ్రామికులతో కలిసి జీవిస్తున్నారు. వారి బ్రతుకుతెరువు అంతా ఒకే నగరం చుట్టూ తిరుగుతుంది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్‌బ్లెయిర్‌గా పిలువబడి, ఆ తరువాత శ్రీవిజయపురమయిన నగరమది. ఆసుపత్రి, కళాశాల, రేవు, కచేరీలు, పెద్ద బజారు, కూలి దొరికే అడ్డాలు – సమస్తమూ అక్కడే.

ఆ నగర నైసర్గిక స్థితిని గ్రహిస్తేగాని అక్కడి రవాణా సమస్య బోధపడదు. సముద్రం భూమిలోకి లోతుగా చొచ్చుకొనివచ్చి సహజమైన ఓడరేవును ఏర్పరచింది. నగరం దానికి దక్షిణపు ఒడ్డున ఉన్నది. ఎదురుగా, నీటికి అవతల, బాంబూఫ్లాట్ ఉన్నది. చాథాం రేవులో ఫెర్రీ ఎక్కినవాడు కొద్ది నిమిషాలలో ఆ ఒడ్డున దిగుతాడు. ఫెర్రీ లేనినాడు అదే మనిషి ఖాతమంతా చుట్టి, గరాచర్మ మీదుగా, ఫెరార్‌గంజ్ ప్రాంతం తిరిగి, పదుల కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం చేయాలి. తుష్నాబాద్, ఫెరార్‌గంజ్, వింబర్లీగంజ్ వంటి గ్రామాలనుండి నగరానికి పోయేవారికి బస్సు ఎంత ముఖ్యమో ఫెర్రీ కూడా అంతే ముఖ్యమగుటకు కారణమిదే. నేల మీద నడిచే బస్సు, నీటి మీద నడిచే ఫెర్రీ – రెండూ కలిస్తేనే అక్కడ ఒక దారి అవుతుంది.

దీనికితోడు ఆ దీవులకు ప్రత్యేకమైన మరొక ఇబ్బంది ఉన్నది. మన దేశమంతటికీ ఒకే గడియారం. ఆ గడియారాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. అండమాన్ అంతకు సుమారు పది డిగ్రీలు తూర్పుగా ఉన్నది. ఫలితంగా అక్కడ సూర్యుడు గడియారంకన్న నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. సంవత్సరం పొడుగునా సాయంత్రం ఆరు గంటలు కాకముందే పొద్దు గుంకుతుంది. నవంబరు నెలలోనైతే ఐదు గంటలకే చీకటి కమ్ముతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో సాయంత్రం ఆరున్నర బస్సంటే అది సాయంకాలపు బస్సు. శ్రీవిజయపురంలో అది రాత్రి బస్సు. నగరంలో ఇళ్లలో పనిచేసి, దుకాణాలలో నిలబడి, ఆసుపత్రిలో ఆయాగా సేవచేసి ఇంటిదారి పట్టే స్త్రీకి ఈ తేడా ఏపాటిదో వేరుగా చెప్పనక్కరలేదు. సంవత్సరంలో అధికభాగం వర్షాలు కురిసే దీవులవి. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ అక్కడ వానలు కురిపిస్తాయి. చీకటి, వాన, నీడలేని బస్సుస్టాపు, వస్తుందో రాదో తెలియని బస్సు – ఇన్నిటి నడుమ నిలబడినవారికి రవాణా సౌకర్యమంటే అది జీవన భద్రతే.

ఈ అభద్రతకు చెల్లించే మూల్యం వేతనంలోనుండే పోతుంది. చివరి బస్సు అందదేమో అన్న భయంతో తాపీమేస్త్రీ పని పూర్తికాకముందే చేయి కడుక్కోవలసివస్తే ఆనాటి కూలిలో కోత పడుతుంది. బస్సు తప్పినవాడు ఆటో కట్టించుకొంటే దినమంతా కష్టించిన దానిలో ఒక వంతు ఆ ప్రయాణానికే సరి. ఈ బాధ పడలేనివాడు వాయిదాల మీద మోటారు సైకిలు కొంటాడు. నెలనెలా వాయిదా, పెట్రోలు, మరమ్మతులు – ప్రభుత్వం భరించవలసిన రవాణా ఖర్చు ఆ విధంగా శ్రామికుని నెత్తిమీదికి బదిలీ అవుతుంది. వాహనం కొనలేని వృద్ధులు, విద్యార్థులు, స్త్రీలు మాత్రం బస్సుస్టాపులోనే మిగిలిపోతారు. అప్పుడు అధికారులు తలలు లెక్కించి, 'ఈ మార్గంలో ప్రయాణికులు తక్కువ, నష్టం ఎక్కువ' అని మరొక ట్రిప్పు కోయగలరు. నమ్మకం లేని బస్సును జనం వదులుతారు. జనం వదిలిన బస్సును ప్రభుత్వం వదులుతుంది. ఈ విషవలయానికి తొలి కారణం ప్రయాణికుడు కాడు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనార్హం. అండమాన్‌లో ప్రభుత్వ బస్సులను ఏ కార్పొరేషనూ నడపడం లేదు. ప్రభుత్వ రవాణా శాఖే రాష్ట్ర రవాణా సర్వీసు పేరుతో స్వయంగా నడుపుతున్నది. ప్రైవేటు బస్సులూ ఉన్నాయి. ఫెర్రీలను ప్రభుత్వపు నౌకాసేవల శాఖ నడుపుతున్నది. అంటే మన తెలుగు ప్రాంతాల ఆర్టీసీ కార్మికులు దేనికోసం పోరాడారో అది అక్కడ మొదటినుండీ ఉన్నది. 2019 అక్టోబరు 5 నుండి నవంబరు 25 వరకు 52 రోజులపాటు తెలంగాణ ఆర్టీసీ కార్మికులు, సుమారు 48 వేలమంది, సమ్మె చేశారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది వారి ప్రధాన కోర్కె. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ప్రారంభమైన నాటినుండి చూస్తే, ప్రజారవాణా ప్రజల ఆస్తిగా ఉండాలన్న భావన మన నేలలో తొమ్మిది దశాబ్దాలకు పైబడినది. ఆ భావనను మనం ప్రాణప్రదంగా కాపాడుకోవాలి.

అయితే ప్రభుత్వ యాజమాన్యం మొదటి మెట్టు మాత్రమేనని అండమాన్ అనుభవం మనకు నేర్పుతున్నది. బస్సు ప్రభుత్వానిదే, ఫెర్రీ ప్రభుత్వానిదే. అయినా రెండు శాఖలు, రెండు దస్త్రాలు, రెండు వేళలపట్టికలు. ఫెర్రీ ఒడ్డుకు చేరేసరికి బస్సు కదిలిపోతే తప్పు ఎవరిది? బస్సు శాఖను అడిగితే తమ బస్సు సకాలంలోనే బయలుదేరిందంటుంది. నౌకా శాఖను అడిగితే తమ ఫెర్రీ సకాలంలోనే చేరిందంటుంది. రెండు శాఖలూ నిర్దోషులే; ప్రయాణికుడు మాత్రం జెట్టీ మీద నిలబడి ఉన్నాడు! యాజమాన్యం ప్రజలదైనంత మాత్రాన చాలదు, ఆ యాజమాన్యం ప్రజలకు జవాబు చెప్పాలి. ఇది రెండవ మెట్టు. దీనిని ఏ ఉత్తర్వూ తనంతట తానుగా తెచ్చిపెట్టదు. సంఘటిత ప్రజలే దీనిని సాధించాలి.

ఛార్జీల విషయంలో కూడా ఈ వివేకం అవసరం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకం కింద స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యం లభించింది. ఇంటి గడప దాటడానికే డబ్బు లెక్క చూసుకొనే లక్షలాది శ్రామిక స్త్రీలకు అది నిస్సందేహంగా మేలు. కాని బస్సుల సంఖ్యా, సిబ్బంది సంఖ్యా ఆ మేరకు పెరగకపోతే ఆ భారమంతా కిక్కిరిసిన బస్సులో నిలబడినవారి మీద, వారి మధ్య టికెట్లు కొట్టే కండక్టరు మీద పడుతుంది. టికెట్టు ధర తగ్గడం ఒక హక్కు, బస్సు రావడం మరొక హక్కు. రాని బస్సులో ఉచిత ప్రయాణం వల్ల ప్రయోజనం శూన్యం. తుష్నాబాద్ వంటి గ్రామానికి మొదటి అవసరం వచ్చే బస్సు, చివరి దాకా పోయే బస్సు.

మరి ఈ కోర్కెను ఎవరి ముందు పెట్టాలి? మన రాష్ట్రాలలో అయితే శాసనసభ ఉన్నది, శాసనసభ్యుని ఇంటిముందు ధర్నా చేయవచ్చు. అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతం. దానికి శాసనసభ లేదు. లోక్‌సభకు ఒకే ఒక్క స్థానం. పరిపాలన కేంద్రం నియమించిన లెఫ్టినెంట్ గవర్నరు ద్వారా సాగుతుంది. ఆ కారణంచేత అక్కడ స్థానిక ఉద్యమానికి, పంచాయతీ తీర్మానానికి, కార్మిక సంఘపు వినతిపత్రానికి మరింత ప్రాముఖ్యం ఉన్నది. చట్టంలో ఉన్న ఆయుధాలను కూడా ప్రజలు చేతబట్టాలి. 1988 మోటారు వాహనాల చట్టం 72వ సెక్షన్ ప్రకారం స్టేజి క్యారేజి పర్మిట్టు ఇచ్చేటప్పుడు రోజుకు కనీసం ఎన్ని ట్రిప్పులు నడపాలో రవాణా అధికార సంస్థ షరతు పెట్టవచ్చు. ఆమోదించిన వేళలపట్టికను బస్సులోను, నిర్ణీత స్టాపులలోను ప్రదర్శించాలని కూడా ఆదేశించవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద రద్దయిన ట్రిప్పుల లెక్కను పది రూపాయల రుసుముతో ఏ పౌరుడైనా అడగవచ్చు. ఏ రోజున ఏ ట్రిప్పు రద్దయినది, ఎందుకు రద్దయినది – బస్సు లేక, డ్రైవరు లేక, విడిభాగం లేక? ఈ మూడు కారణాలకు మూడు వేర్వేరు పరిష్కారాలున్నాయి. కారణం తెలియని ఆగ్రహం కండక్టరు చొక్కా పట్టుకొంటుంది. కారణం తెలిసిన ఆగ్రహం అధికారిని నిలదీస్తుంది.

ప్రయాణికులు సంఘటితమైతే ఏమి సాధించవచ్చునో చరిత్రలో నిదర్శనాలున్నాయి. 1953 జూలైలో కలకత్తాలో బ్రిటిషు వారి ట్రామ్వే కంపెనీ రెండవ తరగతి ఛార్జీని ఒక్క పైసా పెంచింది. ఒక్క పైసాయే గదా అని పాలకులు భావించారు. ప్రజలు ట్రాములెక్కి పాత ఛార్జీయే చెల్లిస్తామన్నారు; తరువాత ట్రాములనే బహిష్కరించారు. అరెస్టులు, పోలీసు దౌర్జన్యాలు సాగినా ఉద్యమం ఆగలేదు. చివరకు ఆ పెంపుదల అమలుకాలేదు. అమెరికాలోని లాస్ఏంజలిస్ నగరంలో బస్సు ప్రయాణికులు – అత్యధికులు అల్పవేతన శ్రామికులు – తమ సంఘం ద్వారా న్యాయస్థానానికెక్కి 1996లో నగర రవాణా సంస్థచేత ఒప్పందం చేయించుకొన్నారు. రద్దీ వేళలలో బస్సులో నిలబడే ప్రయాణికుల సగటును దశలవారీగా తగ్గించి 2002 నాటికి ఎనిమిదికి మించకుండా చూడాలన్నది అందులో ఒక షరతు. ఈ రెండు ఉద్యమాలలోను ఒక సామాన్య లక్షణమున్నది. 'మంచి రవాణా కావాలి' అన్న సాధారణ నినాదంతో వారు ఆగలేదు. ఒక పైసా, ఎనిమిది మంది – ఎవరైనా లెక్కించి సరిచూడగల కోర్కెను ముందుంచారు. కొలవగల కోర్కెను దాటవేయడం పాలకులకు కష్టం.

మన సొంత శ్రేణులతో కూడా ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. చివరి బస్సు ఆలస్యంగా నడవాలని ప్రయాణికుడు కోరినప్పుడు ఆ బస్సును నడిపేది మన కార్మికుడే. రాత్రి ఎనిమిదింటికి ఊరు చేరిన డ్రైవరు, కండక్టరు ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి, మరునాడు తెల్లవారకముందే మళ్లీ బండి ఎలా తీయాలి? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా ట్రిప్పు పెంచితే ప్రయాణికుని కష్టాన్ని సిబ్బంది నెత్తిమీదికి మార్చినట్లే అవుతుంది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అన్న సూత్రాన్నీ, ఐదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతినీ నిర్దేశించింది. ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపివేశారు. చట్టాల పేర్లు మారవచ్చు. స్టీరింగు పట్టిన మనిషి కంటికి కావలసిన నిద్ర మారదు. అందుచేత రాత్రి బస్సు కావాలన్న కోర్కెతోపాటే రాత్రి బస చేసే సిబ్బందికి విశ్రాంతి గది, మంచినీరు, మరుగుదొడ్డి కావాలన్న కోర్కె కూడా ఒకే కాగితం మీద, ఒకే సంతకాలతో వెళ్లాలి.

అట్లాగే సిబ్బంది కూడా 'వేళలు నిర్ణయించేది మేము కాదు, మమ్మల్నెందుకు అడుగుతారు' అని ప్రయాణికుని మాట దాటవేయరాదు. బస్సులో నిలబడినవాడు మన తోటి శ్రామికుడు. ఏ మార్గంలో ఎంతమంది మిగిలిపోతున్నారో, ఏ ఫెర్రీ దిగినవారికి ఏ బస్సు అందడం లేదో అందరికంటె ముందు తెలిసేది కండక్టరుకే. ఆ పరిజ్ఞానం యాజమాన్యపు కాగితాలలో లేదు, కార్మికుని జ్ఞాపకంలో ఉన్నది. దానిని వ్రాతపూర్వకంగా బయటపెట్టడం సంఘం చేయదగిన పని. సమ్మె చేసే రోజున ప్రజల మద్దతు కోరే సంఘం, సమ్మె లేని రోజున ప్రజల బస్సు కోసం నిలబడాలి. అట్లా నిలబడిన సంఘానికి కష్టకాలంలో ప్రజలు దూరం కారు.

ఇక కోర్కెల విషయం. మేము కొత్త రోడ్లు కోరడం లేదు. జారవా ఆదిమవాసుల రక్షిత ప్రాంతంగుండా వేసిన అండమాన్ ట్రంకు రోడ్డు వల్ల ఆ జాతికి కలిగిన హానిని సుప్రీంకోర్టు 2002లోనే గుర్తించి ఆ ప్రాంతపు రోడ్డు మూసివేయాలని ఆదేశించింది. ఒకరి మనుగడకు ముప్పు తెచ్చే సౌకర్యం శ్రామికవర్గపు కోర్కె కాజాలదు. ఉన్న రోడ్డు మీద, ఉన్న రేవుల మధ్య, బస్సును, ఫెర్రీని సక్రమంగా నడపమని మాత్రమే అడుగుతున్నాము. మొదటిది, బస్సు శాఖ, నౌకా శాఖ కలిసి ఒకే వేళలపట్టిక తయారుచేయాలి. ఫెర్రీ ఆలస్యమైతే దానికి జతగా ఉన్న బస్సు నిర్ణీత సమయం వరకు ఆగాలి. రెండవది, చివరి ట్రిప్పును పవిత్రంగా పాటించాలి. బస్సు చెడితే మరొక బస్సు పంపాలి గాని ట్రిప్పు రద్దు చేయరాదు. మూడవది, వేళలపట్టికను ప్రతి స్టాపులోను, ప్రతి జెట్టీలోను అక్కడి ప్రజలు చదువుకొనే భాషలలో, తెలుగుతో సహా, వ్రాసి పెట్టాలి. నాల్గవది, స్టాపులలో వాననుండి రక్షణ, దీపం ఉండాలి. ఐదవది, రాత్రి బస చేసే సిబ్బందికి సౌకర్యాలు కల్పించి, ఖాళీగా ఉన్న పోస్టులను భర్తీచేయాలి. ఆరవది, ప్రయాణికులు, సిబ్బంది, పంచాయతీలు, రెండు శాఖల అధికారులు కూడిన సంఘం నెలకొకసారి సమావేశమై రద్దయిన ట్రిప్పుల లెక్కను బహిరంగంగా పరిశీలించాలి.

ఈ ఆరింటిలో ఒక్కటి కూడా కోట్ల రూపాయల మెట్రో కాదు. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో ప్రారంభమైనప్పుడు దేశమంతా చూసింది. ఫెర్రీ దిగినవారికోసం పది నిమిషాలు ఆగిన బస్సును ఎవరూ చూడరు, దాని ఫోటో పత్రికలలో రాదు. కాని ఆ పది నిమిషాలలో ఒక కుటుంబపు రాత్రి భోజనం, ఒక ఆడపిల్ల చదువు, ఒక కూలీ మరునాటి పని ఇమిడి ఉన్నాయి. నగర వీధులలో విద్యుత్ బస్సులు తిరగడం సంతోషమే. ఆ కొత్త బస్సు ఊరి చివరి దాకా, చీకటి పడిన తరువాత కూడా వెళ్లినప్పుడే దానిని ప్రగతి అనగలం.

తుష్నాబాద్‌లోనే కాదు, విశాఖ శివార్లలోను, వరంగల్లు పొరుగు గ్రామాలలోను, తెలుగు శ్రామికులు పనికి పోయే ప్రతి నగరపు అంచులోను ఇదే ప్రశ్న వేయవలసి ఉన్నది. అన్ని శాఖలకూ మా విజ్ఞప్తి ఇది. రాబోయే నెల రోజులపాటు మీ ప్రాంతంలోని ఒక మార్గాన్ని ఎన్నుకొని, చివరి బస్సు వచ్చిందా, ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతమందిని వదిలి పోయింది అని ప్రతిరోజూ ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. ప్రయాణికులచేత, సిబ్బందిచేత సంతకాలు చేయించండి. ముప్పై రోజుల ఆ లెక్కను చేతబట్టుకొని అధికారి ముందుకు వెళ్లండి. ఉపన్యాసానికి ఉపన్యాసంతో జవాబు చెప్పగల అధికారులు ఆ పుస్తకానికి మాత్రం బస్సుతోనే జవాబు చెప్పవలసివస్తుంది.